మందు ఏదని అడుగుతారు, ఎప్పుడని అడగరు

"గడ్డిమందు కొడితే పరాయి గడ్డితో పాటు అక్కడి సొంత మొక్కలూ పోతాయి కదా?" పోతాయి, వేళాపాళా చూడకుండా కొడితే. ఆ భయం న్యాయమైనదే. నాకు చిరాకల్లా దాని వెనకే వచ్చే మాటతో: "అయితే మంచి మందు పేరు చెప్పండి." పేరు తర్వాత, ముందు కాలం చూద్దాం.

చీట్‌గ్రాస్ సంగతి తీసుకోండి. యూరప్, ఆసియాల నుంచి వెళ్లి అమెరికా పడమటి మైదానాల్ని ఆక్రమించిన గడ్డి. చాలావరకు శరదృతువులో మొలిచి, చలికాలమంతా నేలకు అంటుకుని పచ్చగా ఉంటుంది. అక్కడి స్థానిక మొక్కలు చాలావరకు అప్పుడు నిద్రలో ఉంటాయి. ఇల్లంతా పడుకున్నాక మెలకువగా తిరిగే దొంగన్నమాట. పట్టుకోవడానికి అంతకంటే మంచి సమయం ఏముంది?

గ్లైఫోసేట్ అనే గడ్డిమందు పచ్చటి ఆకులోంచే లోపలికి దిగుతుంది, చక్కెరలతో కలిసి వేళ్లదాకా పోతుంది. నేలమీద పడింది మట్టికి గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి వేళ్లకు దాదాపు అందదు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేని మొండి మందే, కానీ మేలుకున్నవాడికే తగులుతుంది.

అయితే ఇంట్లో అందరూ పడుకోరు! అక్కడి స్థానిక పొద సేజ్‌బ్రష్ చలికాలంలోనూ ఆకులు నిలుపుకుంటుంది. రాత్రి కాపలా ఉన్న పెద్దాయన్ని దొంగనుకుని బాదినట్టవుతుంది జాగ్రత్త.

ఇక గడ్డిజాతినే ఎంచి కొట్టే మందులు: ఫ్లుయాజిఫాప్, సెథాక్సిడిమ్, క్లెథోడిమ్. వేరుశనగలో, సోయాలో కొట్టే క్విజాలోఫాప్ వీటి చుట్టమే. మొక్క కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోవడానికి వాడే ఏసీకేస్ ఎంజైమ్‌ని ఇవి ఆపేస్తాయి. గడ్డిజాతిలో ఆ ఎంజైమ్ నిర్మాణం వేరు, మందుకు చిక్కుతుంది. వెడల్పాకు మొక్కల్లో మామూలుగా చిక్కదు, తుంగకూ పెద్దగా ఏం కాదు. ఒకటి రెండు వారాల్లో మొవ్వు లాగితే అడుగున కుళ్లి ఊడొస్తుంది. అలా లాగి చూడటం నాకు భలే సరదా.

కానీ స్థానిక గడ్డి కూడా గడ్డే. ఎంజైమ్‌కి పౌరసత్వం తెలీదు. మళ్లీ ఎప్పుడన్న ప్రశ్న దగ్గరికే వచ్చాం.

అమెరికా, మెక్సికోల్లో పరుచుకున్న సోనోరన్ ఎడారిలో బఫెల్ గడ్డి అనే మరో పరాయి గడ్డిది ఇంకో తంటా, అది పట్టపగలు వచ్చే దొంగ. వేసవి వానలకు అందరితో పాటే పచ్చబడుతుంది. ఎండిపోయి ఉన్నప్పుడు గ్లైఫోసేట్ కొడితే దండగ. పచ్చగా ఉన్నప్పుడే దుబ్బుదుబ్బుకీ గురిచూసి కొట్టాలి, లేదా తవ్వి తీయాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఇండాజిఫ్లామ్ లాంటి మందులు గడ్డిని మొలక దశలోనే ఆపుతాయి. వేళ్లూనిన పాత మొక్కలకు దెబ్బ తక్కువ, కానీ స్థానిక విత్తనాన్నీ మొలవనీయవు. విత్తనం జల్లే ఆలోచన ఉంటే ముందే లెక్కేసుకోండి. గాలి వీస్తుంటే పంపు దించేయండి. మందులో రంగు కలిపితే ఎక్కడ కొట్టారో కనిపిస్తుంది. మోతాదు లేబుల్ మీద ఉన్నదే, ఓ మూత ఎక్కువ వేయడాలు వద్దు. చీట్‌గ్రాస్ గింజ మట్టిలో కొన్నేళ్లు బతుకుతుంది కాబట్టి వచ్చే చలికాలం కూడా అదే చోటికి వెళ్లి చూడాల్సిందే.