తన చెరువు తవ్వుకున్నాడా, మన చెరువు దగ్గర తుపాకీ పేల్చాడా?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వర్తకుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం షట్టరు దించేసి, గల్లా లెక్క కూడా రేపటికి వాయిదా వేసుకుని వచ్చారంటే, మీలో కొందరికి దెబ్బ తగిలే ఉంటుంది. నన్ను పిలిచిన పెద్దలు అడిగింది ఒకటే: "పోటీవాడు కావాలని మన వ్యాపారం చెడగొడితే కోర్టులో ఏం చెయ్యొచ్చో చెప్పండి బాబూ." చెప్తాను. కానీ ముందు కొంచెం చేదుమందు తాగాలి.

నా దగ్గరికొచ్చే షావుకార్లలో ఎక్కువమంది చెప్పే గోడు ఇది: "నా షాపుకి ఎదురుగా షాపు పెట్టాడు, రేటు తగ్గించాడు, నా గిరాకీలు అటు పోయారు. కేసు వెయ్యండి." అది కేసు కాదండీ. 1410లో ఇంగ్లండులోని గ్లాస్టర్ ఊళ్లో బడి నడుపుకునే పంతుళ్లు ఇదే గోడు కోర్టుకి చెప్పుకున్నారు. పక్కనే ఇంకో పంతులు బడి తెరిచాడు. నలభై పెన్నీలున్న బడి ఫీజు పన్నెండుకి దిగిపోయింది. కోర్టు ఏమంది? మీకు నష్టం వచ్చిన మాట నిజమే, కానీ మీ హక్కు ఏదీ పోలేదు, వెళ్లి రండి. ఆరు వందల ఏళ్లు దాటినా, లా కాలేజీలో మాకు మొదటి వారంలో చెప్పే పాఠాల్లో అదొకటి.

ఇంకో మూడు వందల ఏళ్లకు, 1707లో, కీబుల్ అనే ఆయన కేసు వచ్చింది. ఆయనకొక చెరువు. పెంపుడు బాతులను ఎరగా పెట్టి అడవి బాతులను రప్పించి, పట్టి అమ్ముకునేవాడు. మన చిలికాకి శీతాకాలంలో దిగే బాతుల గుంపులు మీరు చూసే ఉంటారు, అలాంటి బేరం అన్నమాట. హికరింగిల్ అనేవాడు ఆ చెరువు దగ్గరికొచ్చి తుపాకీ పేల్చేవాడు. బాతులన్నీ లేచిపోయేవి. హోల్ట్ అనే న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. హికరింగిల్ తన స్థలంలో తనూ ఒక చెరువు తవ్వుకుని బాతుల్ని అటు లాక్కుంటే కేసే లేదు, తుపాకీ పేల్చి బెదరగొట్టాడు కాబట్టి నష్టం కట్టాలి అన్నాడు. పాత బడి కేసును కూడా అక్కడే ఎత్తి, కొత్త బడి పెట్టడం వేరు, బడికెళ్లే పిల్లల్ని దారిలో తుపాకీతో హడలగొట్టడం వేరు అన్నాడు.

మీరు ఏ గోడుతో వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న అదే. అవతలివాడు తన చెరువు తవ్వుకున్నాడా, మీ చెరువు దగ్గర తుపాకీ పేల్చాడా?

మన ఊళ్లో పేలే తుపాకులు మనకి తెలిసినవే. మొదటిది, మీకు సరుకిస్తానని మాటిచ్చినవాడిని వెనక్కి లాగడం. ఏడాది పాటు నెలకింత మినప్పిండి ఇస్తానని రాసిచ్చిన మిల్లువాడు ఉన్నట్టుండి ఆపేస్తాడు. ఆరా తీస్తే వెనక మీ పోటీవాడు. దీనికి మూలం 1853 నాటి లమ్లీ కేసు. లండన్‌లో జొహన్నా వాగ్నర్ అనే గాయని లమ్లీ గారి థియేటర్లోనే పాడతానని ఒప్పందం రాసింది. గై అనే ఇంకో థియేటరాయన ఎక్కువ డబ్బు ఆశ చూపి లాక్కున్నాడు. ఒప్పందం తప్పినవాళ్ల మీదే కాదు, తెలిసి తప్పించినవాడి మీదా దావా వెయ్యొచ్చని కోర్టు తేల్చింది. తమాషా ఏమిటంటే, తర్వాత విచారణలో లమ్లీ ఓడిపోయాడు. ఆ ఒప్పందం చెల్లుబాటు కాదని గై నిజంగానే అనుకున్నాడని జ్యూరీ నమ్మింది.

అంటే, అవతలివాడికి ఒప్పందం సంగతి తెలుసని మనమే రుజువు చెయ్యాలి. అందుకే నేను చెప్పే చిట్కా ఇది. మిల్లువాడిని పోటీవాడు కదుపుతున్నాడని పసిగట్టిన రోజే ఆ పోటీవాడికి స్పీడ్ పోస్టులో నాలుగు లైన్లు రాయండి: "ఫలానా మిల్లుతో నాకు ఫలానా తేదీ వరకు ఒప్పందం ఉంది." తిట్టొద్దు, బెదిరించొద్దు. ఆ రసీదు బీరువాలో పెట్టుకోండి. ఆ తర్వాత "నాకు తెలీదు" అనే మాట వాడి నోట రాదు.

పనివాడిని లాక్కుపోయాడని కూడా వస్తారు. మానేసి వెళ్లిపోయినవాడు ఇంకెక్కడా చేరకూడదని మీరు రాయించుకున్న కాయితం 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు చెల్లదు. ఆ మాట వినగానే చాలామంది ముఖాలు మాడిపోతాయి. గడువు పెట్టి ఒప్పుకున్న కుర్రాడిని మధ్యలో మాన్పించినా, మీ ఖాతాదారుల చిట్టా వాడి చేత పట్టించుకుపోయినా అది వేరే కథ. అది తుపాకీయే.

రెండోది అబద్ధం. దీనికి ఒకావిడ సంగతి చెప్పాలి. పేరు చెప్పను. అప్పడాల వ్యాపారం. ఇంట్లో మొదలుపెట్టి, వీధిలో ఆడవాళ్లకి పిండి ఇచ్చి ఒత్తించేది. ఒక పండగ ముందు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తిరిగింది: అప్పడం మీద పురుగు, కింద ఆవిడ షాపు పేరు, తెలుగులో, ఒడియాలో. ఆ అప్పడం ఆవిడది కాదు. ఆవిడ అప్పడాల్లో మిరియం ముక్క కనిపిస్తుంది, ఫోటోలో వాము ఉంది! ఆ వారమే షాపులవాళ్లు కట్టలు వెనక్కి పంపేశారు.

ఆవిడ నా దగ్గరికి పద్నాలుగు నెలలకి వచ్చింది. "పరువు బజారుకెక్కుతుందని ఊరుకున్నాను బాబూ. పండగ అయ్యాక చూద్దాం, పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దాం అనుకున్నాను." అప్పటికి మనవడు ఫోను మార్చేశాడు, పాత మెసేజీలు పోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ గడియారం కొట్టింది. పరువునష్టం దావాకి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు ఒక్క ఏడాది. ఒప్పందం చెడగొట్టించినందుకు వేసే దావాకీ ఒప్పందం తప్పిన రోజు నుంచి ఏడాదే. ఆలస్యానికి కారణం చెప్పుకుని అప్పీలులో క్షమించమన్నట్టు, దావాలో అడగడానికి లేదు. మూడేళ్లుంటాయని ఊళ్లో అందరూ అనుకుంటారు. అప్పుకి మూడేళ్లు, అబద్ధానికి ఏడాది.

ఆవిడకి ఒక దారి మిగిలింది. పరువునష్టం నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత ఐపీసీ 499, 500. శిక్ష రెండేళ్ల వరకు కాబట్టి ఫిర్యాదుకి మూడేళ్ల గడువు. దీనికి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగనక్కర్లేదు, తిరిగినా వాళ్లు ఎఫ్ఐఆర్ కట్టరు. నేరుగా మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వెయ్యాలి. ఇచ్ఛాపురంలో ఆవిడ చెల్లెలి ఫోనులో ఆ మెసేజి ఇంకా ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అది ఏ ఫోనులోంచి తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ చాలదు. ఆ చెల్లెలి చేతే సంతకం పెట్టించాం. కేసు నడుస్తోంది కాబట్టి ఇంతకంటే చెప్పను.

ఒకటి మాత్రం చెప్తాను. ఆవిడ దగ్గర రెండు రూపాయల నోటుబుక్కులో, ఏ ఇంటికి ఎన్ని కట్టల పిండి వెళ్లింది, ఏ షాపు ఎన్ని తీసుకుంది, రోజూ పెన్సిలుతో రాసుకున్న లెక్క ఉంది. తెలుగులోనే. ఇంగ్లీషులోకి తర్జుమా చేయించాల్సి వచ్చింది, అది చేసినవాడు 'కట్ట' దగ్గర ఆగిపోయాడు. కానీ ఆ నోటుబుక్కు ముందు ఏ ఆడిటరు రిపోర్టూ నిలవదు. మెసేజికి ముందు వారం, తర్వాత వారం పక్కపక్కనే కనిపిస్తాయి. సరుకు మీద అబద్ధం చెప్పి నష్టం చేశాడని అడిగినప్పుడు కోర్టు అడిగేది అదే, ఎంత నష్టం, ఎలా తెలుసు?

ఆ మెసేజీలో ఉన్నది నిజమైతే? మీ డబ్బాలో నిజంగానే పురుగుంటే, నా దగ్గరికి రావొద్దు, ముందు గోడౌను కడుక్కోండి. ఇక "మా అప్పడమే ప్రపంచంలోకెల్లా గొప్పది" అని పోటీవాడు బోర్డు పెడితే అది అబద్ధమైనా ఫర్వాలేదు. బట్టల నీలిమందు చేసే రాబిన్ బ్లూ వాళ్లు తమ పోటీ సరుకు ఉజాలా ప్రకటన మీద కలకత్తా హైకోర్టుకి వెళ్తే, 1999లో కోర్టు గీసిన గీత అది: నా సరుకు గొప్పదని ఎంతైనా డప్పు కొట్టుకో, ఎదుటివాడి సరుకు చెడ్డదని అనకు.

అధికారులకి అబద్ధపు ఫిర్యాదులు పెట్టించేవాళ్లూ ఉన్నారు. ఫుడ్ ఇన్‌స్పెక్టరొచ్చి శాంపిల్ తీసుకుంటాడు, వీధంతా చూస్తుంది. అది తప్పుడు ఫిర్యాదని తేలితే భారతీయ న్యాయ సంహితలో 217వ సెక్షన్ ఉంది, కానీ దాన్ని కోర్టుకి పంపాల్సింది ఫిర్యాదు అందుకున్న అధికారే. కాబట్టి శాంపిల్ మంచిదని రిపోర్టు రాగానే ఆ అధికారికే అర్జీ పెట్టండి. మీ మీద కేసు దాకా పోయి కొట్టేస్తే, ద్వేషంతో కేసు పెట్టించినందుకు నష్టపరిహారం అడగొచ్చు. అక్కడా ఏడాదే.

మన పేరు, లేబులు కాపీ కొట్టడం గురించి వేరే సభ పెట్టాలి. ఒక్క ముక్క: ట్రేడ్‌మార్కు రిజిస్టరు కాకపోయినా దావా ఉంది, రిజిస్టరై ఉంటే మాత్రం మీరు వ్యాపారం చేసే చోటే దావా వేసే సౌలభ్యం కలుస్తుంది.

సరిహద్దు గొడవ. "అవతలివాడు ఇచ్ఛాపురంలో ఉంటాడు, ఆంధ్రా కోర్టుకి పోవాలా?" అక్కర్లేదు. నష్టం బరంపురంలో జరిగి ప్రతివాది ఇచ్ఛాపురంలో ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ రెండింట్లో ఎక్కడ వేసుకుంటావో నీ ఇష్టం అంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడి గీత మధ్యలో పడిందే కానీ, 1908 నాటి ఆ కోడ్ రెండు వైపులా ఒకటే.

ఇక 'స్టే' అని మీరందరూ అనేది, ఇంజంక్షన్. డబ్బు తర్వాత వచ్చినా రాకపోయినా, ముందు తుపాకీ ఆపించడమే చాలాసార్లు అసలు విజయం. అదే కోడ్‌లోని 39వ ఆర్డరు కింద అడగాలి. మీ మాటలో పైకి కనిపించే బలముందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడ్చలేని నష్టమా, ఈ మూడూ జడ్జిగారు చూస్తారు. మూడు నెలలు ఊరుకుని నాలుగో నెలలో "అత్యవసరం" అంటే ఆయన కళ్లజోడు పైనుంచి చూస్తారు. నన్ను అలా చూశారు కూడా. లేబులు, ట్రేడ్‌మార్కు లాంటి వాణిజ్య తగాదా మూడు లక్షలకి పైబడితే, అత్యవసర ఇంజంక్షన్ అడగని పక్షంలో, దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దాన్ని దండగ అనుకోకండి. ఒకే బజారులో రోజూ ముఖాలు చూసుకోవాల్సినవాళ్లకి అక్కడ తెగిపోయే తగాదాలు చాలా ఉన్నాయి.

ఇక ప్రశ్నలు అడగండి. ఒక్క మనవి, మీ కేసు వివరాలు మాత్రం మైకులో చెప్పకండి. పక్క కుర్చీలో మీ పోటీవాడే కూర్చుని ఉండొచ్చు.