వచ్చిండు – రాలేదు, వెంట్ – డిడ్ నాట్ గో

నమస్తే. నేను హన్మకొండలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. మొన్న ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌లో ఒక డిగ్రీ అమ్మాయి "ఐ డిడ్ నాట్ వెంట్ టు కాలేజ్" అంది. తప్పెక్కడుందో చెప్పమంటే టెన్షన్ పడింది. వెంట్ అనే మాట ఆమెకు బాగానే వచ్చు. దాన్ని ఎప్పుడు వాడకూడదో ఎవరూ చెప్పలేదు, అంతే.

తెర మీద: గో – వెంట్

ఈ వెంట్ అసలు గో నుంచి పుట్టలేదు. పాత ఇంగ్లీషులో వెండ్ అని వేరే క్రియ ఉండేది. సాగిపోవడం, మళ్లడం అని అర్థం. దాని పాస్ట్ రూపమే వెంట్. గోకు ఉన్న పాత రూపం మరుగున పడిపోయి, ఆ చోట్లోకి వెంట్ వచ్చింది.

వింతగా ఉందా? మనం "ఇటు రా" అని పిలుస్తాం. వచ్చినాక "రాయిండు" అంటామా? "వచ్చిండు" అంటాం. నాలుగేళ్ల పిల్లలకు కూడా ఎవరూ నేర్పకుండానే వస్తుంది. రోజూ నోట్లో నానే మాటలే ఇలా దారి తప్పి ఉంటాయి, ఏ భాషలోనైనా.

తెర మీద: వచ్చిండు – రాలేదు
వెంట్ – డిడ్ నాట్ గో

ఇక్కడ కాసేపు ఆగుదాం. "వచ్చిండు లేదు" అని ఎవరూ అనరు. లేదు అనగానే మాట మళ్లీ 'రా' దగ్గరికే పోతుంది. డిడ్ కూడా అంతే. జరిగిపోయిన కాలాన్ని డిడ్ మోస్తుంది, కాబట్టి పక్కనున్న క్రియ మొదటి రూపానికి వెళ్లిపోతుంది.

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు మనకు సాయం రాదు. "పోయినవా?" అని మనం పాస్ట్‌లోనే అడుగుతాం. అందుకే "డిడ్ యు వెంట్?" అని నోరు జారుతుంది. అక్కడ డిడ్‌నే గుర్తుపెట్టుకోండి: డిడ్ యు గో?

తెర మీద: మిర్చి బస్తాలు, ఎనుమాముల మార్కెట్

మై ఫాదర్ టుక్ మిర్చి టు ఎనుమాముల. హి సోల్డ్ ఇట్. హి బాట్ క్లోత్స్. హి బ్రాట్ స్వీట్స్.

బాట్, బ్రాట్ కలిసిపోతుంటాయి. కొంటే బాట్, తెస్తే బ్రాట్. ధర కుదరలేదనుకోండి: హి డిడ్ నాట్ సెల్ ఇట్. సోల్డ్ మళ్లీ సెల్ అయింది, చూశారా?

పుట్, కట్, హిట్ అసలు మారవు. రీడ్ రాతలో మారదు, పలికేటప్పుడు రెడ్ అవుతుంది. 'ఐ సీన్' అనకండి. సీన్‌కు ముందు హావ్ కావాలి: ఐ హావ్ సీన్. నిన్న చూసింది చెప్పాలంటే ఐ సా.

ఒక్కో క్రియనూ జంటగా, గట్టిగా చదవండి. 'బిల్డ్ – బిల్ట్' అని బట్టీ పట్టేకంటే "రేచర్ల రుద్ర బిల్ట్ రామప్ప టెంపుల్ ఇన్ 1213" అంటే మనసులో నిలుస్తుంది. మన ఊళ్లతో, మన ఇంటి పనులతో వాక్యాలు కట్టుకోండి.

తెర మీద: మేం రామప్పకు పోయినం, లక్నవరం చూడలేదు.

వీడియో ఆపి, బయటికి చెప్పండి.

తెర మీద: వీ వెంట్ టు రామప్ప. వీ డిడ్ నాట్ సీ లక్నవరం.

'డిడ్ నాట్ సా' అని వచ్చిందా? "చూసినం లేదు" అని ఒకసారి పలికి, అదెంత వింతగా ఉందో విని, మళ్లీ చెప్పండి.