బ్రాడ్‌షా ఎపిసోడ్: నోరు విప్పనివాణ్ణి ఏం చేయాలి?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం జాన్ బ్రాడ్‌షా. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష వేసిన కోర్టుకు అధ్యక్షుడు. పుట్టుక నుంచి చావు దాకా అంతా చెప్పాలని అక్క నోట్సు రాసుకొచ్చింది.

అక్క: రాసుకొచ్చాను. నువ్వు మధ్యలో పక్కదారి పట్టించకపోతే చాలు. 1602లో పుట్టాడు, స్టాక్‌పోర్ట్ దగ్గర. లండన్‌లో లాయర్లను తయారుచేసే గ్రేస్ ఇన్‌లో చదివి 1627లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. కాంగిల్టన్ అనే ఊరికి మేయర్‌గా చేశాడు. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం వచ్చాక పార్లమెంటు పక్షం. 1649 జనవరిలో రాజు మీద విచారణ అనేసరికి పెద్ద జడ్జీలు తప్పుకున్నారు. ఆ కుర్చీలో ఈయన కూర్చున్నాడు.

తమ్ముడు: టోపీ పెట్టుకుని.

అక్క: వచ్చేసింది టోపీ!

తమ్ముడు: రాదా మరి! లోపల ఉక్కు వేయించుకున్న టోపీ అక్కా అది. గ్యాలరీలోంచి ఎవడైనా కాలిస్తే తల దక్కాలని. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అంత ప్రాణభయంలోనూ వచ్చి కూర్చున్నాడంటే అది మామూలు గుండె కాదు.

అక్క: ధైర్యం సంగతి నేను కాదనను. నా పేచీ వేరే. జనవరి 20న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌కి రాజును తెచ్చారు. ఆయన అడిగింది ఒకటే: ఏ అధికారంతో నన్ను ఇక్కడికి తెచ్చారు? అది తేలేదాకా నేరం చేశాననీ అనడు, చేయలేదనీ అనడు. మళ్లీ మళ్లీ తెచ్చి అడిగారు, మళ్లీ మళ్లీ అదే ప్రశ్న. చివరికి కోర్టు ఏమంది? జవాబు చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అంది.

తమ్ముడు: అప్పటి చట్టం అదే కదా! రాజద్రోహం కేసులో నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బ్రాడ్‌షా కొత్తగా కనిపెట్టింది ఏముంది?

అక్క: హత్య, దొంగతనం లాంటి కేసుల్లో ఇంకా ఘోరం. జవాబు చెప్పనివాణ్ణి పడుకోబెట్టి, ఛాతీ మీద బరువులు పేర్చుకుంటూ పోయేవాళ్లు. చెప్తానన్నాడా, బరువులు తీస్తారు. లేదంటే ప్రాణం పోయేదాకా అంతే. అయినా కొంతమంది నోరు విప్పేవాళ్లు కాదు. ఎందుకో తెలుసా? నేరం రుజువు కాకుండా చచ్చిపోతే ఆస్తి జప్తు కాదు, పెళ్లాం పిల్లలకు మిగులుతుంది.

తమ్ముడు: అబ్బా... ఇది నోట్సులో లేదు.

అక్క: లేదు. 1772 దాకా ఉంది ఆ పద్ధతి. మాట్లాడనివాణ్ణి నేరం ఒప్పుకోనట్టుగానే చూడాలని 1827లో గానీ చట్టం రాలేదు. ఇవాళ మన సెషన్స్ కోర్టులో ముద్దాయి నోరు మెదపకపోతే జడ్జిగారు సాక్షుల విచారణకు తేదీ వేస్తారు. నేను రోజూ చూసే పని ఇది. దీని వెనక ఎంతమంది ఛాతీలు నలిగాయో చదివాక ఆ తేదీ వేయడం మామూలుగా అనిపించదు.

తమ్ముడు: సరే, కానీ దానికి బ్రాడ్‌షాను తప్పుపడితే ఎలా? రాజు దగ్గర ఉన్న ఆయుధమే ఆ మౌనం. జవాబు చెప్తే కోర్టును ఒప్పుకున్నట్టు అవుతుంది. టోపీ కూడా తీయలేదు ఆయన, కోర్టుకు ఇచ్చిన మర్యాద అంత. ఇటు ఉక్కు టోపీ, అటు తీయని టోపీ...

అక్క: టోపీలు పక్కన పెట్టు, లిల్‌బర్న్ సంగతి చెప్పనీ.

తమ్ముడు: చెప్పు.

అక్క: జాన్ లిల్‌బర్న్. నిషేధించిన పుస్తకాల కేసులో కుర్రవాణ్ణి స్టార్ ఛాంబర్‌కు, అంటే రాజుగారి ప్రత్యేక కోర్టుకు తెచ్చారు. నా మీద నేనే సాక్ష్యం చెప్పుకునేలా ప్రమాణం చేయను పొమ్మన్నాడు. 1638 ఏప్రిల్‌లో బండి వెనక కట్టి, ఫ్లీట్ జైలు నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ దాకా కొరడాతో కొట్టుకుంటూ తీసుకెళ్లారు. 1646లో ఆ శిక్ష అన్యాయమని ప్రభువుల సభలో వాదించిన లాయర్లు ఇద్దరు. ఒకాయన జాన్ కుక్, రాజు కేసులో ప్రాసిక్యూషన్ నడిపింది ఆయనే. రెండో ఆయన మన బ్రాడ్‌షా.

తమ్ముడు: ...ఓహో.

అక్క: ప్రమాణం చేయననీ, జవాబు చెప్పననీ అన్నందుకు మనిషిని చావబాదారని వాదించి గెలిచినవాడు, మూడేళ్లు తిరగకుండా మౌనం అర్ధాంగీకారం కూడా కాదు, పూర్ణాంగీకారం అన్నాడు. నాకు మింగుడు పడనిది ఇదే.

తమ్ముడు: లేదక్కా, నేను ఒప్పుకోను. రెండూ ఒకటి కాదు. లిల్‌బర్న్ వెనక ఎవరున్నారు? ఎవరూ లేరు. చార్లెస్ దేశాన్ని రెండుసార్లు యుద్ధంలోకి ఈడ్చాడు. ఎన్ని వేలమంది పోయారు! వాళ్ల తరఫున ఎవరో ఒకరు అడగాలా వద్దా?

అక్క: అడగాలి! సాక్షులు ఉన్నారు కదా, ముప్పైమందికి పైగా. వాళ్లను ఎక్కడ విన్నారు? పెయింటెడ్ ఛాంబర్ అనే వేరే గదిలో, రాజు లేకుండా. ఆ హాల్లోనే అందరి ముందూ, ఆయన ముఖం ఎదుట చెప్పించి ఉంటే కేసు ఎంత గట్టిగా ఉండేది! 27న శిక్ష చదివేశాక ఆయన మాట్లాడతానంటే అదీ కుదరదన్నారు. లాయర్‌గా నాకు కడుపు మండుతుంది.

తమ్ముడు: నువ్వు ఇంత కోపంగా మాట్లాడటం ఈ మధ్య వినలేదు.

అక్క: కథ అక్కడితో ఆగలేదు మరి. రాజు తల తీసింది జనవరి 30న. మార్చికల్లా బ్రాడ్‌షా కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు, అంటే రాజు లేని కొత్త ప్రభుత్వాన్ని నడిపే మండలికి, అధ్యక్షుడు. కొత్త ప్రభుత్వాన్ని తిట్టారని పట్టుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది ఎవరిని?

తమ్ముడు: లిల్‌బర్న్‌నా?!

అక్క: లిల్‌బర్న్‌నే. తన పాత క్లయింటు. ఇది నువ్వు రాశావా అని అడిగితే, నా మీద నేను చెప్పుకోను అన్నాడు. మళ్లీ అదే మాట! ఈసారి వినేది బ్రాడ్‌షా. లండన్ టవర్ జైలుకు పంపారు.

తమ్ముడు: ఆ గదిలోకి లిల్‌బర్న్ టోపీ పెట్టుకునే వచ్చాడు, పార్లమెంటు సభ్యులు కనిపించాక తీశాడు. తనే రాసుకున్నాడు. నవ్వకు, నేను చెప్పేదీ అదే. ఆ కాలంలో ఎవరి ముందు టోపీ తీశావన్నదే నువ్వు ఎవరి అధికారం ఒప్పుకుంటావన్న ప్రశ్నకు జవాబు. చార్లెస్ ఆ హాల్లో నోటితో చెప్పనిది తలతో చెప్పాడు.

అక్క: ఇది బాగుందిరా. ఇది ఒప్పుకుంటాను.

తమ్ముడు: మరి 1653 కూడా ఒప్పుకో. పార్లమెంటు సైన్యాధిపతి క్రామ్‌వెల్ సైనికులతో ఆ పార్లమెంటునే వెళ్లగొట్టి, ఆ మధ్యాహ్నం కౌన్సిల్‌ను కూడా ఎత్తేయడానికి వచ్చాడు. ఆకాశం కింద ఏ శక్తీ పార్లమెంటును రద్దు చేయలేదు, తనంతట తాను చేసుకుంటే తప్ప అని ఎదురుగా నిలబడి చెప్పింది బ్రాడ్‌షానే. క్రామ్‌వెల్ పక్కన సైనికాధికారులు. రాజుకు చెప్పిందే క్రామ్‌వెల్‌కూ చెప్పాడు, చట్టం నీకంటే పెద్దదని. రంగు మార్చని మనిషి అక్కా.

అక్క: అధికారంలో పైనున్నవాడి ముందు మార్చలేదు. అది నిజం. నేను అడిగేది కింద నిలబడ్డవాడి సంగతి.

తమ్ముడు: చివరి ముక్క చెప్పేయనా? 1659లో పోయాడు, వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో పాతిపెట్టారు. రాజు కొడుకు తిరిగొచ్చాక 1661 జనవరి 30న, తండ్రి చనిపోయిన తేదీకే, శవాన్ని తవ్వి తీసి క్రామ్‌వెల్, ఆయన అల్లుడు ఐర్టన్‌ల శవాలతో పాటు లండన్‌లో ఉరితీసే చోటు టైబర్న్‌లో ఉరికొయ్యకు వేలాడదీశారు. తలలు తీసుకెళ్లి వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ మీద గుచ్చారు.

అక్క: కవి మిల్టన్ ఈయన్ని ఎంతలా పొగిడాడో చెప్పనే లేదు మనం. నోట్సులో ఒక పేజీ ఉంది.

తమ్ముడు: దానికి ఇప్పుడు టైమ్ లేదు. కానీ కింద నిలబడ్డవాడు అన్నావు చూడు, చార్లెస్ ఆ రోజు కిందే కదా నిలబడ్డాడు? మరి ఆయన్ని ఏ లెక్కలో వేస్తావు?

అక్క: కూర్చున్నాడు. కుర్చీ వేశారు ఆయనకు, ఎర్ర వెల్వెట్ కుర్చీ.

తమ్ముడు: అక్కా, మాట మార్చకు.

అక్క: మార్చడం లేదు, ఆలోచిస్తున్నాను. ఆపు రికార్డింగ్, కాల్ వస్తోంది.