జింక ఇల్లు అడవి కాదు, మన బీడు

(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతంలో రైతులు, గొర్రెల కాపరుల ముందు చేసిన ప్రసంగం)

పని మానుకొని వచ్చిన రైతులకు, మందను ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన కాపరులకు, ముందు వరసలో కూర్చున్న బడి పిల్లలకు నమస్కారం.

ముందే ఒక మాట చెప్తాను. నేనూ రైతునే. పోయినేడాది శనగ మొలిచిన పన్నెండో రోజు పొద్దున్నే చేనికి పోతే, తూర్పు గట్టు వెంబడి దాదాపు ఎకరా మేర మొలకలకు తలలు లేవు. గిట్టల గుర్తులు చూస్తే ముప్పై, నలభై జింకలు దిగినట్టుంది. విత్తనం, మందు, కూలి, అన్నీ అప్పు మీద తెచ్చినవే. గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ పొద్దు నాకు జింక మీద ప్రేమ ఏమీ లేదు. అందుకే, జింకలను కాపాడుకుందాం అని నేను ఈ మైకు ముందు అంటుంటే మీలో ఎవరికైనా కోపం వస్తే అది న్యాయమైన కోపమే. దాన్ని మింగేయమని అడగడానికి నేను రాలేదు.

మనమందరం అనే మాట ఒకటుంది: "అడవి జంతువు అడవిలో ఉండక చేల మీదికి ఎందుకు రావాల?" నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ ఆలూరు, ఆస్పరి, హొళగుంద, హాలహర్వి చుట్టుపక్కల దట్టమైన అడవి ఎక్కడుంది చెప్పండి? మన దగ్గర తిరిగే కృష్ణజింక చెట్ల మధ్య బతికే జంతువు కాదు. దానికి కనుచూపు దూరం కావాలి. తోడేలును అల్లంత దూరాన చూసి పరుగందుకోవడం ఒక్కటే దానికి తెలిసిన రక్షణ. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు గానీ, చెట్లు, పొదలు అడ్డమొస్తే ఆ పరుగు దేనికీ పనికిరాదు. దానికి కావలసింది చదును నేల, పొట్టి గడ్డి. అంటే మన బీళ్లు. నల్లమలకు తోలేయండి అనేవాళ్లకు నా జవాబు ఇదే: అది దాని ఊరు కాదు. దాని ఊరు ఇదే.

మరి ఆ బీళ్లు ఏమయ్యాయి? గడ్డి నేలకు కాగితాల్లో మనం పెట్టుకున్న పేరు బంజరు. బంజరు అంటే ఎవరికీ పనికిరానిది అనే అర్థం మన బుర్రల్లో పాతుకుపోయింది. ఎవరికీ పనికిరాని నేల అయితే ఇంతమంది కాపరుల మందలు ఇన్నాళ్లు ఏం తిని బతికాయి? బోరు పడిన చోటల్లా దున్నేశాం. మిగిలిన చోట క్వారీలు, ప్లాట్లు, సోలార్ పలకలు వచ్చాయి. కరెంటు వద్దని నేననను. గడ్డి నేల ఖాళీ నేల కాదు అని మాత్రం అంటున్నాను. ఎండాకాలంలో గొర్రెల మేత కోసం ఎన్ని రోజుల నడక నడుస్తున్నారో ఇక్కడున్న కాపరులను అడగండి. మందకు మేత లేకుండా పోయిన రోజే జింకకు కూడా లేకుండా పోయింది. మంద దూరం పోయింది. జింక చేల మీదికి వచ్చింది.

ఒక చోట కంచె వేసి రక్షణ అనేస్తే సరిపోతుందా? రోళ్లపాడు సంగతి చూడండి. అప్పట్లో మన జిల్లాలోనే ఉండేది, 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల కిందికి పోయింది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. బట్టమేక మీటరు ఎత్తుంటుంది, మగది 15 కిలోల దాకా తూగుతుంది, నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ మామూలుగా ఒక్కటే. ఆ పక్షికి ఆరు చదరపు కిలోమీటర్లు ఏ మూలకు? చుట్టూ ఉన్న మెట్ట చేలు, బీళ్లు కూడా దాని మేత నేలే. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, బీళ్లు తరిగాయి. లోపల జింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి, రైతులకు ఆ అభయారణ్యం పేరు చెబితేనే విసుగొచ్చే పరిస్థితి వచ్చింది. ఈరోజు అక్కడ బట్టమేక కనిపించడం గగనం. దేశం మొత్తం మీద ఆ పక్షులు 200 కూడా లేవు. చుట్టూ ఉన్న మనుషులను కలుపుకోకుండా మధ్యలో గీత గీస్తే ఏమవుతుందో చూపడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు కరెంటు తీగల సంగతి. ఇది గట్టిగానే చెప్పాలి. అడవి పందుల కోసమని రాత్రిపూట చేను చుట్టూ తీగ లాగి లైను నుంచి కరెంటు ఇస్తున్నారు. మా పక్క చేనాయన అట్లాగే లాగాడు. తెల్లారి తీగ తీయడం మర్చిపోయాడు. ఆయన ఎద్దే పడింది. నాగలి కట్టే ఎద్దు. ఆ ఎద్దు ముందు నడిచేది ఆయన పదేళ్ల మనవడు, ఆ పొద్దు జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయాడు. ఇంతకంటే నేను చెప్పలేను. కృష్ణజింక 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల పట్టికలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. కానీ నాకు జైలు భయం కంటే ఆ పిల్లవాడే ఎక్కువ గుర్తొస్తాడు.

పిల్లలూ, ఈ మాట మీకు. గడ్డిలో జింక పిల్ల ఒంటరిగా, కదలకుండా ముడుచుకొని కనిపిస్తే "అయ్యో, తల్లి వదిలేసింది" అని ఇంటికి తెస్తాం. వదిలేయలేదు. పుట్టిన కొత్తలో తల్లే దాన్ని గడ్డిలో దాచి, తను దూరంగా మేస్తూ, మధ్యమధ్యలో వచ్చి పాలిచ్చి పోతుంది. మనం ఎత్తుకొస్తే మంచి చేసినట్టు కాదు, తల్లి నుంచి ఎత్తుకొచ్చినట్టు. చుట్టూ కుక్కలుంటే తోలేసి, దూరంగా తప్పుకోండి. దెబ్బ తగిలి ఉంటేనే అటవీ శాఖ వాళ్లకు ఫోను చేయండి. పెద్ద జింక కంచెలో చిక్కుకుంటే మూగి కేకలేయొద్దు, సెల్ఫోన్లతో వీడియోలు తీయొద్దు. కళ్ల మీద గుడ్డ కప్పి నిశ్శబ్దంగా ఉండండి. మనుషులో కుక్కలో తరిమితే జింక ఆ భయానికి, ఆ పరుగుకు కండరాలు దెబ్బతిని, పైకి గాయం లేకుండానే కొన్ని గంటల తర్వాత చచ్చిపోవచ్చు. మా ఊళ్లో ఒకదాన్ని కుక్కల నుంచి విడిపించి సంబరపడ్డాం. సాయంత్రానికి అది లేదు.

శనగ విత్తే అదను ముందుంది. పాత చీరలతో కంచె కడతారు, నేనూ కడతాను. దానికి తోడు, మొలక దశలో పది మంది రైతులం వంతులేసుకొని కావలి కాద్దాం. ఒక్కొక్కరం రోజూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. పంట పోతే ఆ రోజే తేదీ కనపడేట్టు ఫొటోలు తీసి, నష్టపరిహారానికి అందరం కలిసి అర్జీ పెడదాం. నేను ఒక్కణ్ణే పెట్టినప్పుడు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను.

అన్నిటికంటే ముఖ్యమైంది మిగిలిన బీడు. ఊరికి మేత పోరంబోకు ఎంతుందో, ఏ సర్వే నంబర్లో ఉందో మనలో చాలామందికి తెలియదు. కాపరులకు తెలుసు, వాళ్ల కాళ్లకు తెలుసు. ఆ హద్దులు ఒక కాగితం మీద పెట్టి, మేత నేలగానే ఉంచాలని గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. రేపు పొద్దున ఆరింటికి చెరువు కట్ట దగ్గర కలుద్దాం. కాపరులు ముందు నడుస్తారు, మనం వెనక. కుక్కలను ఇంటి దగ్గరే కట్టేసి, నీళ్ల సీసా తెచ్చుకోండి.