టెంకాయ చిప్పల మీద వండిన పద్యం

(మిద్దె మీద రేకుల షెడ్డు. బయట ముసురు. ఇనుప కుంపటిలో టెంకాయ చిప్పలు మండుతున్నాయి, పైన చిన్న ఇత్తడి గిన్నె.)

నమస్తే. ఇంట్లో గ్యాస్ అయిపోలేదండీ. అయినా కడపలో, ఇంత ముసురులో, రేకుల కింద కూర్చుని టెంకాయ చిప్పల మీద అన్నం వండుతున్నాను. దీనికంతటికీ కారణం ఒక పద్యం.

పుస్తకం చదువుతూ ఏం తింటే బాగుంటుందంటే చాలామంది వేడి కాఫీ, మిరపకాయ బజ్జీ అంటారు. అవి ఏ పుస్తకానికైనా సరిపోతాయి, జత కుదర్చాల్సిన పనేముంది? నా పద్ధతి వేరు. పుస్తకంలో ఎవరైనా అన్నానికి కూర్చుంటే, ఆ విస్తట్లో ఏముందో చూసి అదే వండుతాను. కొన్ని సంగతులు వండితే గానీ తలకెక్కవు.

(చేతిలో పుస్తకం. మొదటి ఆశ్వాసం తెరిచి ఉంది.)

ఇది ఆముక్తమాల్యద. రాసింది శ్రీకృష్ణదేవరాయలు. 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసినాయన, మన సీమంతా ఆయన ఏలుబడే. ఇందులో శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడని ఒక భక్తుడుంటాడు. ఇంటికొచ్చిన వైష్ణవులకు అన్నం పెట్టడమే ఆయన పని. రాయలవారు ఊరికే 'పెట్టాడు' అని వదిలేయలేదు. వానకాలంలో ఏం పెట్టాడు, ఎండాకాలంలో ఏం పెట్టాడు, చలికాలంలో ఏం పెట్టాడు అని మూడు పద్యాల్లో మూడు మెనూలు రాశారు.

వానకాలం మెనూ ఇది. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, తిరగవాత పెట్టిన కూరలు నాలుగైదు, వడియాలు, ఒరుగులు, పెరుగు, అన్నిటి మీదా నెయ్యి. అంతకుముందే ఒక చిన్న మాట వస్తుంది: భార్య కళ్ళలోకి పొగ పోకుండా టెంకాయ చిప్పలు పెట్టి వండుతుందని.

కాలేజీలో ఈ పద్యం చదివినప్పుడు ఆ మాట మీద నా చూపు ఆగనే లేదు. పరీక్షకు ప్రతిపదార్థం బట్టీ పట్టాను, అంతే. పోయిన ఏడు తుఫాను ముసురుకు ఇదే కుంపట్లో తడిసిన కట్టెలు పెట్టి చూశాను. పది నిమిషాల్లో కళ్ళు చింతనిప్పులయ్యాయి, అన్నం మాత్రం ఉడకలేదు. తర్వాత చిప్పలు వేశాను. చూడండి.

(కెమెరా కుంపటి దగ్గరికి. చిప్ప అంచు వెంబడి పసుపు మంట.)

పొగ ఉంది, కానీ తడి కట్టెతో పోలిస్తే లేనట్టే. చిప్ప గట్టిది, నీళ్ళు తొందరగా పీల్చదు, మంట సూటిగా పైకి లేస్తుంది. అంటే ఆ ఇంట్లో చిప్పల్ని పారేయకుండా వానకాలం కోసం దాచిపెట్టారన్నమాట. ఒరుగులూ అంతే. కాకరకాయలు, వంకాయలు ఎండాకాలంలో కోసి ఎండబెడితేనే ముసురు రోజుకు డబ్బాలో ఉంటాయి. చక్రవర్తి రాసిన పద్యంలో ఇల్లాలి ముందుచూపు కనబడింది నాకు.

ఇంకో తమాషా. చలికాలం పద్యంలో కారమంటే మిరియాల పొడి, ఆవ ఘాటు. మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ళతో మన దేశానికి వచ్చిన పంట. చెనిక్కాయ (అంటే వేరుశెనగ), టమాటా, ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూడా అటునుంచే వచ్చాయి. కాబట్టి ఈ మెనూ నిజాయితీగా వండాలంటే ఎండుమిర్చి తిరగవాత కుదరదు, చెనిక్కాయ నూనె కుదరదు. ఇవి లేకుండా కడపలో కూర చెయ్యడమంటే ఏమిటో మీకు తెలుసు.

నువ్వుల నూనెలో ఆవాలు, మిరియాలు, ఇంగువ వేసి చిక్కుడుకాయ కూర చేశాను. మా అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందిమ్మా ఇది, జరమొచ్చినోళ్ళకు పెట్టేదిగా ఉందే" అంది. ఒరుగులు వేయించి పెట్టాక మాత్రం ఇంకేమీ అనకుండా తింది.

ఎండాకాలం పద్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులో పలుచటి అంబలి, చెరకు పాలు, లేత టెంకాయ నీళ్ళు, ఊరగాయ, నీళ్ళ మజ్జిగ ఉంటాయి. మే నెలలో మన ఊళ్ళో మధ్యాహ్నం ఇదే కదా తాగి పడుకునేది! రాగి పిండి రాత్రే నీళ్ళలో కలిపి పులియబెట్టి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలపండి. అదే చెంబు పక్కన పెట్టుకుని పద్యం చదవండి.

(ఇంట్లో వంటగది. స్టవ్ మీద సంగటి కుండ.)

ఇప్పుడు మన కాలానికి వద్దాం. బండి నారాయణస్వామి గారి శప్తభూమి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. కథంతా మన రాయలసీమ నేలదే. దీనికి సంగటి తప్ప ఇంకేం పెడతాం?

కానీ చిక్కొకటుంది. సంగటి తినే చేత్తో పేజీ తిప్పలేం. నేను తిప్పాను. ఊరుబిండి పచ్చడి అంటిన వేలితో, అదీ గ్రంథాలయం నుంచి తెచ్చిన వేరే పుస్తకం మీద. నూనె మరక వెనక పేజీ దాకా దిగింది. మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా బరువు పెడితే కొంచెం పీల్చింది గానీ గుర్తు అలాగే ఉంది. ఆ పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పడిన టెన్షన్ పదో తరగతి ఫలితాలకు కూడా పడలేదు.

అందుకే సంగటిని తినేటప్పుడు కాదు, వండేటప్పుడు చదవండి. ఒక గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్ళు పోసి అన్నం మెత్తగా ఉడికించాలి. దాని మీద గ్లాసున్నర రాగి పిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో ఒక గుంత చేసి, మూత పెట్టి, సన్న మంట మీద వదిలెయ్యాలి. అప్పుడే కెలికారో, పిండి ఉండలు కడుతుంది. ఈ పది నిమిషాలు మీవి. తర్వాత దించి, కుండను రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని కెలకాలి. అప్పుడు మీరు చదవలేరు, ఇంట్లో ఇంకెవరైనా పైకి చదివి వినిపించాలి. మా ఇంట్లో ఆ పని మా అబ్బాయిది. యాస మాటలు వచ్చినచోట వాడు నవ్వుతాడు, నేను కెలుకుతూ కసురుకుంటాను.

(ఒవెన్. లోపల లైటు. ట్రేలో గుండ్రటి బిస్కెట్లు.)

బేకింగ్ సంగతి అడిగేవాళ్ళున్నారు. చదువరికి ఒవెన్ అంత మంచి స్నేహితుడు లేడు, తలుపు తెరవొద్దంటుంది కాబట్టి. కేకు సగం ఉడికేలోపు తెరిస్తే వేడి బయటికి పోయి నడిమధ్య కూలిపోతుంది. మీరు చెయ్యగలిగిందల్లా కుర్చీలో కూర్చోవడమే.

నేను చేసేది చెనిక్కాయ బిస్కెట్లు. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయల పొడి ఒక కప్పు, గోధుమ పిండి ఒక కప్పు, బెల్లం పొడి ముప్పావు కప్పు, నెయ్యి అర కప్పు, చిటికెడు ఉప్పు. ముద్ద కలవకపోతే రెండు చెంచాల పాలు. 170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, ఉడకలేదని మళ్ళీ లోపల పెట్టకండి. చల్లారితే గట్టిపడతాయి, దానికింకో పది నిమిషాలు.

మొత్తం అరగంట లోపే. ఒక కథకు సరిగ్గా సరిపోతుంది. నేను కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు తీస్తాను. మన కడప జిల్లా ఆయనే, ఆ కథల సంపుటికి 1996లో అకాడమీ అవార్డు వచ్చింది. చెనిక్కాయ పండించే ఊళ్ళ కథ చదువుతుంటే గదంతా చెనిక్కాయ వాసన కమ్ముకుంటుంది. పైగా పొడి బిస్కెట్టు, వేలికి నూనె పెద్దగా అంటదు. అంటినా ఈ పుస్తకం నా సొంతం.

(ఒవెన్ గంట మోగుతుంది. ఆమె లేవదు. వేలు పేజీ మీదే ఉంది.)

ఒక్క నిమిషం... ఇంకా రెండు పేజీలున్నాయి. అత్తమ్మా, ఆ ట్రే కాస్త బయటికి తీస్తారా?