మహేంద్రతనయ దాటితే మారిపోయే పేరు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని, గుణుపూర్ నుంచీ కాశీనగర్ నుంచీ పర్లాకిమిడి దాకా వచ్చిన అమ్మానాన్నలకు మరోసారి నమస్కారం.

నేను నర్సింగ్ ట్యూటరుగా చేసి రిటైరయ్యాను. నర్సింగ్ చదివే మీ పిల్లలు విదేశాల్లో ఉద్యోగానికి ఎలా వెళ్లాలో చెప్పమన్నారు. విమానం దాకా వెళ్లే ముందు నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పేరు లక్ష్మి అనుకోండి. ఇక్కడి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు ఎక్స్ అక్షరంతో ‘లక్ష్మి’ అని రాశారు. ఒడిశాలో అలాగే రాస్తారు. మన మహేంద్రతనయ ఏరు దాటి శ్రీకాకుళం జిల్లాలో జీఎన్ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమాలో చేరితే, అక్కడి గుమస్తా తనకు అలవాటైనట్టు కె, ఎస్, హెచ్ వేశాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో చివరికి పోయింది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు, ఎలా పిలిచినా పలుకుతుంది. దేశం కాని దేశంలో ఆ కాగితాలు చూసే ఉద్యోగికి మాత్రం వాళ్లు ముగ్గురు ఆడపిల్లలు. ఆ ముగ్గురినీ ఒక్కరిని చేయడానికి మా లక్ష్మికి దాదాపు ఏడాది పట్టింది.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పడ్డాయి. పెళ్లిళ్లు, సంతలు ఆ గీతను పట్టించుకోలేదు. సర్టిఫికెట్లు పట్టించుకున్నాయి. అందుకే మన పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆంధ్రాలో చదివితే నర్సుగా రిజిస్ట్రేషన్ అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో. తర్వాత బరంపురంలో ఉద్యోగం వస్తే భువనేశ్వర్ కౌన్సిల్‌లో కూడా నమోదు. రేపు బయటి దేశానికి దరఖాస్తు పెడితే సాధారణంగా రెండు చోట్ల నుంచీ ధ్రువీకరణ అడుగుతారు. రెండు చోట్లా పేరు ఒకేలా ఉండాలి. రెన్యువల్ తేదీలు మరిచిపోకూడదు.

ఇప్పుడు కాలేజీ రికార్డు. అమెరికాకు వెళ్లాలంటే మీ మార్కులు, థియరీ గంటలు, ఆసుపత్రిలో చేసిన క్లినికల్ గంటలు, విదేశీ నర్సుల చదువును పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్ అనే సంస్థకు మీ కాలేజీయే నేరుగా పంపాలి. ఆ సంస్థ పేరు ఈమధ్య ట్రూమెరిట్ అని మారింది. మీరు కవరులో పెట్టి పంపితే తీసుకోరు. పిల్లల వార్డులో ఎన్ని గంటలు, మానసిక రోగుల వార్డులో ఎన్ని గంటలు, అన్నీ అందులో ఉండాలి. కాలిఫోర్నియా అయితే థియరీ, దానికి సంబంధించిన ఆసుపత్రి పోస్టింగ్ ఒకే సమయంలో జరిగాయా అని కూడా చూస్తుంది. ఫస్టియర్‌లో చదివి మూడో ఏట డ్యూటీ చేస్తే అక్కడ పేచీ. నాకు తెలిసిన ఒక కాలేజీ మూతపడింది. పాత విద్యార్థులు రికార్డుల కోసం ఇప్పటికీ తిరుగుతున్నారు. అందుకే అడ్మిషన్ తీసుకునేటప్పుడు బిల్డింగ్ ఎంత ఎత్తుందో చూడకండి. ఐఎన్‌సీ, అంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, జాబితాలో ఉందా, పోస్టింగ్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారు, పదేళ్ల కిందటి విద్యార్థికి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఆ మార్కులు, గంటల కాగితం, ఎన్ని రోజుల్లో ఇచ్చారు, ఇవి అడగండి. మొహమాటపడకండి, ఫీజు కట్టేది మీరు. మిడ్‌వైఫరీ కేస్ బుక్కు, ప్రొసీజర్ బుక్కు జిరాక్సులు ఇంట్లో పెట్టుకోండి.

జీఎన్ఎమ్ మూడేళ్లా, బీఎస్సీ నాలుగేళ్లా అని అందరూ అడుగుతారు. చదివించే స్తోమత ఉంటే బీఎస్సీ అనే అంటాను. జీఎన్ఎమ్ చేసినవాళ్లకు దారి మూసుకుపోలేదు. ఉద్యోగం చేసి, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి వెళ్లినవాళ్లున్నారు.

దేశాన్ని బట్టి పరీక్ష. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాతలో 6.5 కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు అయిన మన పిల్లలు మాట్లాడటానికే భయపడతారు. తీరా నేను చూసినవాళ్లలో ఎక్కువమంది రాతలోనే పోగొట్టుకున్నారు! నర్సింగ్ విషయాల మీద పెట్టే కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు, ఓస్కీ అనే పది స్టేషన్ల ప్రాక్టికల్‌కు మాత్రం బ్రిటన్ వెళ్లాల్సిందే. జర్మనీకి సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష. 2023 ఏప్రిల్ నుంచి దాని తీరు మారింది, ఒక రోగి పరిస్థితి ఇచ్చి మెట్టుమెట్టుగా ఏం చేస్తావని అడుగుతారు. పాత గైడ్లు అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. గల్ఫ్‌కు ప్రొమెట్రిక్ అనే కంప్యూటర్ పరీక్ష, డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల తనిఖీ, సాధారణంగా రెండేళ్ల అనుభవం.

ఆ రెండేళ్ల దగ్గరే మనవాళ్లు తప్పు చేస్తున్నారు. ఒక తల్లి నాతో అంది, “పిల్లకి పాసుపోర్టు వచ్చీసింది కదమ్మా, ఇంకా డ్యూటీ ఏటి? ఇంట్లో ఉంటాది.” ఇంట్లో ఉంటే అనుభవం పాతబడుతుంది. జీతం తక్కువైనా, వీసా చేతికొచ్చే దాకా ఉద్యోగం మాన్పించకండి.

పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లే పిల్లల సంగతి వేరు. హెచ్-1బీ మీద ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్లే భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు, పరీక్ష రాయొచ్చు, జీతానికి పని చేయకూడదు. 2015 నుంచి, భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140, అంటే అతని కోసం కంపెనీ పెట్టే అర్జీ, ఆమోదం దాకా వచ్చి ఉంటే, భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి పెళ్లిచూపుల్లో జీతం ఎంత అని అడిగే నోటితోనే ఐ-140 అయిందా బాబూ అని అడగండి. నవ్వకండి, నేను నిజంగానే అంటున్నాను. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలన్న నియమం లేదు. నర్సింగ్ కాగితాలన్నీ పుట్టింటి పేరుమీద ఉంటే అలాగే ఉండనివ్వండి. అత్తగారికి నేనొచ్చి చెప్తాను.

డబ్బు సంగతి క్లుప్తంగా. బ్రిటన్ నియమావళి ప్రకారం నియామక ఏజెన్సీ నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదు. మన చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ దాటకూడదు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో దొరుకుతుంది. లక్షలు అడిగినవాడి కోసం పొలం తాకట్టు పెట్టకండి.

ఇంక మాట్లాడను. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు తెచ్చినవాళ్లు పక్కగదిలోకి రండి. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. భోజనాల వేళ దాకా అక్కడే ఉంటాను.