వేరుశనగ చేనుకు ఒకటో నంబరు హెచ్చరిక

[తెర మీద: వేరుశనగ ఆకు పైవైపు, తరువాత అడుగువైపు]

ఈ ఆకును తిప్పి చూడండి. పైన పసుపు వలయంతో ఉన్న గోధుమరంగు మచ్చ ముందుగా వచ్చే తిక్క తెగులుది (శిలీంద్రం, అంటే బూజు జాతి జీవి, తెచ్చే ఆకుమచ్చ తెగులు ఇది), అడుగున నల్లగా గుండ్రంగా ఉన్నది ఆలస్యంగా వచ్చేది. ఇలాంటి ఆకును చూపించి, "మొక్కలో నిరోధక శక్తిని పెంచే మందు కొడితే ఈ మచ్చ పోతుందా అండీ?" అని అడిగేవారు ప్రతి పంటకాలంలోనూ ఉంటారు. పోదు. అడిగిన రైతు మీద నాకు కోపం లేదు కానీ, ఆ మందునూ శిలీంద్రాన్ని చంపే శిలీంద్రనాశినినీ ఒకే అరలో పెట్టి ఒకే మాట చెప్పి అమ్మేవారి మీద మాత్రం ఉంది.

మన తీరంలో పుట్టినవారికి ఇది అర్థం కావడం తేలిక. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగురవేస్తారు. ఆ సూచిక గాలిని ఆపదు. దాన్ని చూసిన మనుషులే పడవలను ఒడ్డుకు లాగి, వలలు సర్ది, పాకల కప్పులకు మోకులు బిగిస్తారు. నిరోధకతను మేల్కొలిపే పదార్థం చేసేదీ అంతే. మేల్కొన్న మొక్కే కణగోడలను చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌తో గట్టిచేసుకొని, శిలీంద్రపు గోడలను కోసే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములను తయారుచేసి, వేరుశనగ అయితే రెస్వెరట్రాల్ వంటి రక్షణ రసాయనాలను కూడా కూడగట్టుకుంటుంది. ఇందుకు కొన్ని రోజులు పడుతుంది. తుఫాను తీరం దాటాక సూచిక ఎగురవేస్తే పడవ గతి ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మరి ఆ సూచికను ఎగురవేసేది ఏది? శిలీంద్రపు కణగోడలో కైటిన్ ఉంటుంది, దాని తునకలు తగలగానే మొక్క కణాల మీది గ్రాహకాలు శత్రువును పసిగడతాయి. రొయ్య పెంకులో ఉన్నదీ ఆ కైటినే. రొయ్యలు ఒలిచాక మిగిలే పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను ఆకుల మీద పిచికారీ చేస్తే, శిలీంద్రం ఇంకా రాకుండానే వచ్చిందనుకొని మొక్క సిద్ధపడుతుంది. రొయ్యల చెరువుల నడుమ బతికే మనం ఈ సంగతి ఎన్నిసార్లు విన్నా తనివి తీరకూడదని నా అభిప్రాయం.

రేవులో ఎగిరిన హెచ్చరిక ఊరూరికీ చేరాలి కదా! మొక్కలోనూ ఒక ఆకు కబురు మిగతా ఆకులకు అందాలి. 1961లో ఫ్రాంక్ రాస్ అనే శాస్త్రవేత్త ఒంగోలు రైతులకు బాగా తెలిసిన పొగాకు మొక్కనే తీసుకొని, కింది ఆకులకు మొజాయిక్ వైరస్ సోకించి, కొన్నాళ్ళకు పై ఆకులకు కూడా సోకిస్తే, అక్కడ మచ్చలు చిన్నవిగా వచ్చాయి. 1979లో వైట్ అనే శాస్త్రవేత్త ఆస్పిరిన్‌తో పొగాకులో ఇటువంటి నిరోధకతనే రప్పించారు. ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువైన, మొక్క తానే తయారుచేసుకొనే సాలిసిలిక్ ఆమ్లాన్ని నిల్వ ఉండనివ్వని జన్యువు పెట్టిన పొగాకు మొక్కలలో ఆ నిరోధకత రాలేదని 1993లో తేలింది. ఓడరేవు సూచికలలో పదకొండో నంబరుకు సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఆ మొక్కల పరిస్థితి ఇంచుమించు అదే.

అలాగని రోజూ పెను ప్రమాదాన్ని చెప్పే పదో నంబరు ఎగురవేస్తే వేటకు వెళ్ళేదెవరు? మోతాదు మించి కొడితే ఆకు మాడుతుంది, కాయకు పోవలసిన శక్తి రక్షణకు ఖర్చవుతుంది. మొక్కను అప్రమత్తంగా మాత్రమే ఉంచే ఒకటో నంబరు చాలు.

సమయం మించిపోతున్నది కనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. ట్రైకోడెర్మా అనే మేలు శిలీంద్రం, సూడోమోనాస్ అనే మేలు బ్యాక్టీరియా వేరు వైపు నుంచి హెచ్చరిస్తాయి, ఆ కబురు ఎక్కువగా జాస్మోనిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే మొక్క హార్మోన్ల దారిలో వెళుతుంది. కాండం కుళ్ళు శిలీంద్రం ఆక్సాలిక్ ఆమ్లంతో కణాలను ముందే చంపి తింటుంది కాబట్టి, దానికి ఆకు మీద పిచికారీని నమ్ముకోకుండా, ఎకరానికి 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి వృద్ధి చేసి నేలలో వేయాలి. తిక్క తెగులు సుమారు 30 రోజుల పైరులో మొదలవుతుంది, కైటోసాన్ పిచికారీ అంతకు ముందే పూర్తి కావాలి. మచ్చలు కనిపించిన చేనుకు సిఫారసు చేసిన శిలీంద్రనాశినినే వాడాలి.